రాత లెక్కలు వదిలేస్తే నష్టం మనకే



మన గోడపత్రికలో ప్రతిసారి కథలు, పాటలు, సామెతలు, పొడుపుకథలు వస్తున్నాయి. చదవడానికి మంచిగనే ఉంటున్నాయి. ఈసారి నేను లెక్కల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. లెక్కలు అనంగనే పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. కానీ ఇది పుస్తకం కాదు, గోడ. తిప్పడానికి రాదు. కాబట్టి దయచేసి నిలబడి చివరిదాకా చదవండి.

మనకు తొమ్మిదో తరగతిలో రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు అనే పాఠం ఉంది. పదో తరగతిలో ఆ సమీకరణాలు జతగా వస్తాయి. "ఈ రెండు సమీకరణాలను సాధించండి" అని ఇస్తే మనలో చాలామంది గబగబ చేస్తారు. తొలగించే పద్ధతి వస్తది, ప్రతిక్షేపణ పద్ధతి వస్తది, గ్రాఫు కూడా గీస్తారు. కానీ అదే లెక్కను నాలుగు వాక్యాల కథగా ఇస్తే, అంటే రాత లెక్కగా (పుస్తకంలో పద సమస్య అంటారు) ఇస్తే, పెన్ను ఆగిపోతది. "అది వదిలెయ్, వేరేది చేద్దాం" అంటాం. స్టడీ అవర్‌లో నేను చూసినంతవరకు ఎక్కువమంది ఇట్లనే చేస్తున్నారు. కొందరు గైడు చూసి జవాబు మొత్తం బట్టీ పడుతున్నారు. పరీక్షలో అంకెలు మారితే ఆ బట్టీ ఎందుకూ పనికిరాదు.

నా అభిప్రాయం ఏమిటంటే, మనం రాత లెక్కలకు భయపడేది లెక్క రాక కాదు. అందులో ఉన్న భాషకు భయపడుతున్నాం. రెండో మాట, రాత లెక్కలు వదిలేస్తే పోయేది మార్కులు మాత్రమే కాదు. బయట మన ఇంటివాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ పనికివచ్చే లెక్కలు అవే. ఈ రెండు మాటలు ఎందుకు అంటున్నానో వివరంగా రాస్తాను.

మొదట భాష సంగతి. మన హాస్టల్లో గోండి మాట్లాడే ఇండ్ల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు, కోయ మాట్లాడేవాళ్ళు ఉన్నారు, లంబాడీ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లో ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్ అని లెక్కపెడతాం. బడికి వచ్చినంక ఒకటి, రెండు, మూడు నేర్చుకున్నాం. మాట్లాడే తెలుగు కొంచెం వచ్చేసరికి పుస్తకం తెలుగు వచ్చింది. పుస్తకం తెలుగులో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా, రెండూ మన ఇంటి భాషలు కావు. సెలవుల్లో ఇంటికి పోయి అడుగుదామంటే చదువుకున్నవాళ్ళు ఉండరు. "ఈ అంకెలను తారుమారు చేయగా వచ్చే సంఖ్య మొదటి సంఖ్య కన్నా 27 అధికం" అంటే మా అమ్మకు ఎట్ల చెప్పాలి?

ఇప్పుడు ఈ వాక్యం చూడండి. "తల్లి వయసు కూతురి వయసుకు మూడు రెట్ల కన్నా 4 తక్కువ." ఇందులో 'తల్లి' ముందు కనబడింది, 'తక్కువ' అని కనబడింది. వెంటనే తల్లి వయసులో నుంచి 4 తీసేస్తారు. అది తప్పు. ఎవరు తక్కువ, దేనికన్నా తక్కువ అని అడగాలి. కూతురు వయసు 14 అనుకోండి. మూడు రెట్లు 42. దానికన్నా 4 తక్కువ అంటే తల్లి వయసు 38. అంటే 4 తీసేయాల్సింది కూతురి వయసు మూడు రెట్లలో నుంచి. తల్లి వయసులో నుంచి తీసేస్తే ఆమెకు 46 వస్తది! ఒక్క "కన్నా" అనే చిన్న మాట ఎనిమిదేళ్ళు తేడా తెచ్చింది. తీసివేత మనకు రాకపోవడం కాదు ఇది. తెలుగు వాక్యం మనల్ని తిప్పింది.

అట్లనే అంకెల లెక్క. ఒక రెండంకెల సంఖ్య, పదుల స్థానంలో క, ఒకట్ల స్థానంలో గ ఉంటే, ఆ సంఖ్యను చాలామంది కగ అని రాస్తారు. పక్కపక్కన రాస్తే గుణకారం అయిపోతది కదా. దీనికి నేను ఒక ఉపాయం చెబుతాను. 47 రూపాయలు అంటే 4 పదిరూపాయల నోట్లు, 7 రూపాయి బిళ్ళలు. కాబట్టి సంఖ్య 10క + గ. తారుమారు చేస్తే 10గ + క. అంకెల మొత్తం 11, తారుమారు చేస్తే 27 ఎక్కువ అంటే, క + గ = 11 అని ఒకటి, గ – క = 3 అని ఇంకొకటి వస్తాయి (9 రెట్లు గ లో నుంచి 9 రెట్లు క తీస్తే 27 కాబట్టి, 9తో భాగిస్తే 3). జవాబు 47. తారుమారు చేస్తే 74. తేడా 27. నోట్లు, బిళ్ళలు అనుకుంటే ఇది సంతలో చిల్లర లెక్కే.

ఇక రెండో మాట, ఈ లెక్కలు బయట ఎందుకు పనికివస్తాయో చూద్దాం.

మన ఊర్ల దగ్గర వారసంత జరుగుతది. ఒక అమ్మ చింతపండు, ఇప్పగింజలు రెండూ తీసుకుపోయి ఒకే సేటుకు అమ్మింది అనుకుందాం. సేటు కాంటా పెట్టి, చీటీ మీద రెండింటికీ కలిపి ఒక్క మొత్తం రాసి డబ్బులు చేతిలో పెట్టాడు. దేనికి ఎంత ధర కట్టాడో చెప్పలేదు. ఆమె అడగలేదు. (ఈ ధరలు లెక్క కోసం నేను పెట్టినవి, నిజమైన ధరలు కావు.) 4 కిలోల చింతపండు, 3 కిలోల ఇప్పగింజలు, మొత్తం 250 రూపాయలు. కిలో చింతపండు ధర చి, కిలో ఇప్పగింజల ధర ఇ అనుకుంటే,

4చి + 3ఇ = 250

ఈ ఒక్క చీటీతో ధర చెప్పగలమా? చింతపండు 40, ఇప్పగింజలు 30 కావచ్చు. చింతపండు 25, ఇప్పగింజలు 50 కావచ్చు. చింతపండు 55, ఇప్పగింజలు 10 కూడా కావచ్చు. వేసి చూడండి, మూడింటికీ 250 వస్తది. మన తొమ్మిదో తరగతి పాఠంలో "రెండు చరరాశులలో ఒక రేఖీయ సమీకరణానికి అనంతమైన సాధనలు ఉంటాయి" అని ఉన్నది ఇదే. మనం ఆ వాక్యాన్ని నిర్వచనం లెక్క చదివి వదిలేస్తాం. దాని అసలు అర్థం ఏమిటంటే, ఒక్క చీటీ పట్టుకొని ఒంటరిగా కూర్చుంటే ధర ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు అదే రోజు అదే సేటుకు ఇంకో అమ్మ 2 కిలోల చింతపండు, 5 కిలోల ఇప్పగింజలు అమ్మింది. ఆమె చీటీ 230 రూపాయలు.

2చి + 5ఇ = 230

ఇద్దరూ చెట్టు కింద కూర్చొని చీటీలు పక్కపక్కన పెట్టుకున్నారు. రెండో అమ్మ తన సరుకు రెండింతలు అమ్మినట్టు అనుకుందాం. అప్పుడు 4 కిలోల చింతపండు, 10 కిలోల ఇప్పగింజలు, 460 రూపాయలు. మొదటి అమ్మ చీటీలో కూడా చింతపండు 4 కిలోలే. కాబట్టి తేడా అంతా ఇప్పగింజలదే. 7 కిలోలు ఎక్కువ, 210 రూపాయలు ఎక్కువ. అంటే కిలో ఇప్పగింజలు 30. మొదటి చీటీలో 3 కిలోలకు 90 తీసేస్తే 160 మిగిలింది. 4 కిలోలకు 160 అయితే కిలో చింతపండు 40. అయిపోయింది. దీన్నే పుస్తకంలో "చరరాశిని తొలగించు పద్ధతి" అన్నారు. పేరు పెద్దది, పని ఇంతే. ఇద్దరికీ సమానంగా ఉన్నదాన్ని పక్కన పెట్టి, తేడా ఎక్కడ ఉందో చూడటం.

ఇంకా ఉంది. రెండో అమ్మ చీటీ 8 కిలోల చింతపండు, 6 కిలోల ఇప్పగింజలు, 500 రూపాయలు అయితే? అది మొదటి చీటీకి సరిగ్గా రెండింతలు. కొత్త సంగతి ఏమీ చెప్పదు. రెండు చీటీలు ఉన్నా ఒక్కటి ఉన్నట్టే. గ్రాఫు గీస్తే రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అదే 8 కిలోలు, 6 కిలోలకు 460 రూపాయలే వచ్చాయి అనుకోండి. మొదటి అమ్మ ధర ప్రకారం 500 రావాలి కదా. గ్రాఫులో ఆ రెండు గీతలు సమాంతరంగా పోతాయి, ఎక్కడా కలవవు. పుస్తకంలో దీన్ని "అసంగత సమీకరణాలు, సాధన లేదు" అంటారు. "సాధన లేదు" అని రాసి మనం మార్కు తీసుకొని ఊరుకుంటాం. కానీ సంతలో దాని అర్థం, ఇద్దరికీ ఒకే ధర కట్టలేదు అని! వెంటనే సేటును దొంగ అనమని నేను చెప్పను. ఒకరి చింతపండు గింజ తీసింది, ఇంకొకరిది గింజతో ఉన్నది కావచ్చు. ఒకరి సరుకు తడిగా ఉండవచ్చు. కానీ "మా ఇద్దరికీ ధర ఎందుకు తేడా ఉంది?" అని అడగడానికి మన చేతిలో ఆధారం ఉంటది. లెక్క రాకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

గిరిజనుల అటవీ సరుకును సరైన ధరకు కొనాలని, దళారుల చేతిలో వాళ్ళు మోసపోవద్దని 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. సంస్థలు ఉండటం మంచిదే. కానీ కాంటా దగ్గర నిలబడేది మన అమ్మలు, మన అక్కలు. అక్కడ చీటీ చదివేవాళ్ళు మన ఇంట్లోనే ఒకరు ఉండాలి. ఆ ఒకరు మనమే.

కొందరు అంటారు, "మా అవ్వ ఎప్పుడూ బడికి పోలేదు, అయినా నోటి లెక్కతో అన్నీ చెబుతది, ఈ సమీకరణాలు ఎందుకు?" అని. ఈ మాట నిజమే, దాన్ని నేను కాదనను. ఒక ఉదాహరణ చెబుతాను. మేకలు, కోళ్ళు కలిపి తలలు 30, కాళ్ళు 84. మేకలెన్ని, కోళ్ళెన్ని? చదువు రాని పెద్దమనిషి ఇట్ల చేస్తుంది. అన్నీ కోళ్ళే అనుకుందాం, అప్పుడు కాళ్ళు 60. కానీ 84 ఉన్నాయి. 24 ఎక్కువ. ఒక్కో మేకకు రెండు కాళ్ళు ఎక్కువ కాబట్టి మేకలు 12, కోళ్ళు 18. ఎక్స్ లేదు, వై లేదు. చైనా దేశంలో పాత లెక్కల పుస్తకంలో కూడా ఇటువంటి లెక్కే ఉంది. అక్కడ మేకలకు బదులు కుందేళ్ళు, కోళ్ళకు బదులు అడవికోళ్ళు. తలలు 35, కాళ్ళు 94. (మీరే చేసి చూడండి, కుందేళ్ళు 12 రావాలి.)

అంటే ఈ తెలివి మన పెద్దవాళ్ళకు ఉన్నదే. కానీ మేకకు నాలుగు కాళ్ళు, కోడికి రెండు కాళ్ళు అని ముందే అందరికీ తెలుసు. సంతలో ధర ముందు తెలియదు, దాన్నే కనుక్కోవాలి. అంకెలు పెద్దవి అయినప్పుడు, మూడు నాలుగు సరుకులు అయినప్పుడు నోటి లెక్క తప్పిపోతది. ఇంకొకటి, నోటి లెక్కను ఎదుటివాళ్ళు "నువ్వు తప్పు చెప్పినవ్" అని కొట్టిపారేయవచ్చు. కాగితం మీద వరుసగా రాసిన లెక్కను అట్ల కొట్టిపారేయలేరు. కాబట్టి అవ్వ తెలివిని వదలొద్దు, దాన్ని కాగితం మీదికి తేవాలి. సమీకరణం అంటే అదే.

ఈ లెక్కలు కొత్తవి కావు, పరాయి దేశాల నుంచి మన నెత్తిన పడ్డవి కూడా కావు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు గణితసారసంగ్రహం అనే పుస్తకం సంస్కృతంలో రాశాడు. అందులో ఒక లెక్క సారాంశం ఇది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపితే ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపితే ధర 101. ఒక్కోదాని ధర ఎంత? దీన్ని సులువుగా చేయవచ్చు. రెండు కొనుగోళ్ళు కలపండి. 16 మాదీఫలాలు, 16 వెలగపండ్లు, 208. అంటే ఒకటి, ఒకటి కలిపితే 13. ఇప్పుడు ఒకదాంట్లో నుంచి ఒకటి తీసేయండి. 2 మాదీఫలాలకు, 2 వెలగపండ్లకు తేడా 6. అంటే ఒకదానికి ఒకటి తేడా 3. మొత్తం 13, తేడా 3 అయితే మాదీఫలం 8, వెలగపండు 5. వెలగపండు మనకు తెలియని పండా? అడవిలో ఏరుకొని తిన్నవాళ్ళమే కదా. వెయ్యేళ్ళకు పైబడిన లెక్కల పుస్తకంలో మన వెలగపండు ఉంది!

ఆ గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన అనే కవి తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మొదటి లెక్కల పుస్తకం అదే. ఆయన ఉన్నదున్నట్టు దించలేదు, తన సొంత ఉదాహరణలు కూడా చేర్చాడు. అంటే పండితుల భాషలో ఉన్న లెక్కను తన చుట్టూ ఉన్నవాళ్ళ భాషలోకి మార్చాడు. ఆయన సంస్కృతం నుంచి తెలుగులోకి మార్చినప్పుడు, మనం తెలుగు నుంచి గోండిలోకి, కోయలోకి, లంబాడీలోకి నోటితో మార్చి చెప్పుకుంటే తప్పేమిటి? అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఎక్స్, వై అంటే భయపడేవాళ్ళకు ఇంకో సంగతి. మన దేశపు పాత గణిత పండితులు తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టుకున్నారు. నలుపు, నీలం, పసుపు, ఎరుపు అని. 628లో గ్రంథం రాసిన బ్రహ్మగుప్తుడు, పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఇట్లనే రాశారు. రంగు పేరులో మొదటి అక్షరం మాత్రమే రాసేవాళ్ళు. కాబట్టి ఎక్స్, వై అనేవి దేవుడు రాసిన అక్షరాలేమీ కావు. చింతపండుకు చి, ఇప్పగింజలకు ఇ అని రాసినా లెక్క లెక్కే. పరీక్షలో ఎక్స్, వై రాద్దాం. కానీ నేర్చుకునేటప్పుడు మనకు అర్థమయ్యే అక్షరం పెట్టుకుందాం.

అదే భాస్కరాచార్యుని బీజగణితంలో ఇద్దరు స్నేహితుల లెక్క ఉంది. మొదటివాడు, "నువ్వు నాకు వంద ఇస్తే నా దగ్గర నీకు రెండింతలు ఉంటది" అంటాడు. రెండోవాడు, "నువ్వు నాకు పది ఇస్తే నా దగ్గర నీకు ఆరింతలు ఉంటది" అంటాడు. ఇందులో మెలిక ఏమిటంటే, ఇచ్చినప్పుడు ఒకరికి పెరగడమే కాదు, ఇంకొకరికి తగ్గుతది. ఆ తగ్గింది మరిచిపోతే జవాబు రాదు. జవాబు 40, 170. 40కి 100 కలిస్తే 140, 170లో 100 పోతే 70, సరిగ్గా రెండింతలు. అటు 170కి 10 కలిస్తే 180, 40లో 10 పోతే 30, సరిగ్గా ఆరింతలు. ఇట్ల కథలోకి తిరిగి పోయి సరిచూసుకుంటే ఎంత ధైర్యంగా ఉంటదో చూడండి.

మన ఆదివాసుల చదువు గురించి కూడా ఒక మాట. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల కష్టాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయి ఊరిలో ఉన్నారు. 1943లో అక్కడ గోండులకు చదువు మొదలైంది, గోండి భాషలో వాచకాలు కూడా తయారయ్యాయి. అంతకుముందు మనవాళ్ళు కాగితం చదవలేక భూములు పోగొట్టుకున్నారు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, కట్టింది ఎంత అన్నది రాసుకునేవాడి చేతిలోనే ఉండేది. ఇంటి భాష నుంచి మొదలుపెడితే చదువు తొందరగా అందుతదని మార్లవాయి ఎనభై ఏళ్ళ కిందనే చూపించింది. లెక్కల్లో కూడా మనం ఆ దారి పట్టాలి.

అట్లని పుస్తకంలో లెక్కలన్నీ తీసేసి ఇప్పగింజల లెక్కలే పెట్టమని నేను అనడం లేదు. రైలు లెక్క, పడవ లెక్క, బ్యాంకు వడ్డీ లెక్క కూడా మనకు రావాలి. రేపు మనం రైలు ఎక్కుతాం, బ్యాంకుకు పోతాం. అయినా పడవ లెక్కకు భయపడటం ఎందుకు? మనలో గోదావరి ఒడ్డు ఊర్ల నుంచి వచ్చిన అక్కలు ఉన్నారు. ప్రవాహం వెంట పోతే పడవ ఎంత తొందరగా పోతదో, ఎదురు పోతే ఎంత కష్టమో పట్నం పిల్లల కన్నా వాళ్ళకే బాగా తెలుసు. వెంట పోతే గంటకు 12 కిలోమీటర్లు, ఎదురు పోతే గంటకు 8 కిలోమీటర్లు. నిలిచిన నీళ్ళలో పడవ వేగం 10, ప్రవాహం 2. కలిపితే 12, తీసేస్తే 8. ఆ అక్కలు ఈ లెక్క వదిలేస్తున్నారంటే "ప్రవాహ దిశ" అనే మాట చూసి భయపడుతున్నారే గాని, నదిని చూసి కాదు.

అందుకని నా సూచనలు ఇవి.

ఒకటి. రాత లెక్క చూడగానే అంకెలు ఏరుకోవద్దు. మూడుసార్లు చదవాలి. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఏమి అడిగారో తెలుసుకోవడానికి, మూడోసారి ఒక్కో వాక్యానికి ఒక్కో సమీకరణం రాయడానికి.

రెండు. "ఎక్స్ అంటే చింతపండు" అని రాయొద్దు. "ఎక్స్ అంటే ఒక కిలో చింతపండు ధర, రూపాయల్లో" అని పూర్తిగా రాయాలి. కిలోలా, రూపాయలా, సంవత్సరాలా అన్నది తెలియకపోతే సమీకరణం సగంలోనే తప్పుతది.

మూడు. తెలియనివి ఎన్ని ఉన్నాయో, చెప్పిన సంగతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. రెండు తెలియనివి ఉంటే రెండు వేరువేరు సంగతులు కావాలి. ఒకే సంగతిని రెండు రకాలుగా చెబితే అవి రెండు కావు.

నాలుగు. జవాబు వచ్చినంక సమీకరణంలో వేసి ఊరుకోవద్దు. మనం రాసిన సమీకరణమే తప్పయితే తప్పు జవాబు కూడా అందులో సరిపోతది. కాబట్టి కథలో వేసి చూడాలి. కూతురి వయసు తల్లి కన్నా ఎక్కువ వస్తే, కోళ్ళు పదకొండున్నర వస్తే, మళ్ళీ మొదటికి పోవాలి.

ఐదు. అందరికన్నా ముఖ్యమైనది. వారానికి ఒక రోజు స్టడీ అవర్‌లో ఒక్క రాత లెక్కను తీసుకొని, ఒకరు గోండిలో, ఒకరు కోయలో, ఒకరు లంబాడీలో కథ చెప్పాలి. తర్వాత అందరం కలిసి తెలుగులో రాయాలి. పదో తరగతి అక్కలు కొంచెం సాయం చేస్తే చాలు. వాళ్ళకూ పరీక్షకు తయారీ అవుతది. తొమ్మిదిలోనే మొదలుపెడితే పదిలో జత సమీకరణాలు వచ్చేసరికి మనకు కొత్త అనిపించదు.

వార్డెన్ మేడం గారికి నా విన్నపం. ఆ ఒక్క గంట మేం ఇంటి భాషల్లో మాట్లాడుకుంటే "గొడవ" అనుకోకండి. అది లెక్కే. భోజనశాల బయట గోడకు ఒక చిన్న నల్లబల్ల పెట్టిస్తే వారానికి ఒక లెక్క రాస్తాం. లెక్కల టీచర్ గారికి కూడా ఒక విన్నపం. రాత లెక్క చెప్పేటప్పుడు సమీకరణం బోర్డు మీద రాసేముందు, ఆ వాక్యం మాకు ఎట్ల అర్థమయిందో ఒకరిద్దరితో చెప్పించండి. మా తికమక ఎక్కడ ఉందో మీకు అక్కడే దొరుకుతది.

పది పాసు కావడానికి 35 మార్కులు కావాలి. లెక్కల్లో ఆగిపోయిన అక్కలకు ఏమయితదో మనందరికీ తెలుసు. మళ్ళీ పరీక్ష రాయమని పంపేవాళ్ళు తక్కువ, సంబంధం చూసేవాళ్ళు ఎక్కువ. ఒక రాత లెక్క వదిలేయడం చిన్న సంగతి అనిపిస్తది గాని, అట్ల వదిలేసినవి పోగయితే ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయేదాకా వస్తది. అందుకే ఇంత పొడుగు రాశాను.

చివరగా మన సురంగల్ లెక్క ఒకటి ఇస్తున్నాను. మొయినాబాద్, చేవెళ్ళ దారిలో పూలతోటలు, కూరగాయల తోటలు మనం చూస్తూనే ఉన్నాం. అటువంటి తోట ఒకటి అనుకోండి. అక్కడ పూలు తెంపి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పంపారు. ఒక రైతుకు 3 కిలోల బంతిపూలు, 2 కిలోల చామంతిపూలకు కలిపి 340 రూపాయలు వచ్చాయి. ఇంకో రైతుకు 5 కిలోల బంతి, 1 కిలో చామంతికి కలిపి 380 రూపాయలు వచ్చాయి. (ఇవి కూడా లెక్క కోసం పెట్టిన ధరలే.) ఇద్దరికీ ఒకే ధర కట్టారు అనుకుంటే, కిలో బంతి ఎంత, కిలో చామంతి ఎంత?

జవాబు కాగితం మీద రాసి, ఏ పద్ధతిలో చేశారో కూడా రాసి, ఈ గోడపత్రిక కింద గుచ్చండి. పేరు రాయకపోయినా పర్వాలేదు. ఇంటి భాషలో రాస్తే ఇంకా మంచిది. జవాబు వచ్చే సంచికలో రాస్తాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, సురంగల్.